బక్కపలుచని మనిషికి కొవ్వెక్కడిది?

మన సంఘములలో ఎవరైనా గుండెపోటుతో పోయారంటే సమాధి దగ్గర నిలబడి అనుకొనే మాట ఒకటుంది: "లావు మనిషైనా కాడే, ఎట్లా వచ్చిందో!" పల్లెల్లో కొవ్వు అనే మాటను లావు మనుషులకూ పొగరుబోతులకూ మాత్రమే వాడతాము. అందుచేత కొలెస్ట్రాల్ అనగానే అది కలిగినవారి జబ్బని, రోజూ మాంసము తినేవారి జబ్బని తీసిపారేస్తాము.

మా పెద్దక్కను మిర్యాలగూడ ఇచ్చారు. బావ ముప్పై ఏండ్లు రైసుమిల్లులో బస్తాలు మోసిన మనిషి. ఒంటిమీద చిటికెడు కండ తప్ప కొవ్వు కనబడదు. ఆయనకు 52వ ఏట, సూర్యాపేటలో మా ఇంటికి వచ్చినప్పుడు, నేను రక్తపరీక్షకు పోతూ ఆయనను కూడా వెంటబెట్టుకొని పోయాను. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్.డి.ఎల్. 182 ఉన్నది. 100 లోపు ఉంటే మంచిదట. "మిషను చెడిపోయిందేమో మరదలా" అని బావ నవ్వారు.

డాక్టరుగారు నవ్వలేదు. ఆయన చెప్పినది నాకు ఇట్లా అర్థమైంది. కొలెస్ట్రాల్ మైనమువంటి పదార్థము. శరీరములో ప్రతి కణపు గోడకూ, కొన్ని హార్మోన్లకూ, పైత్యరసమునకూ అది కావాలి. అందులో ఎక్కువ భాగము తిండి నుండి రాదు, మన కాలేయమే తయారు చేస్తుంది. రక్తములో తిరిగే ఎల్.డి.ఎల్.ను కాలేయము తనకున్న చిన్న చిన్న తలుపుల వంటివాటి ద్వారా మరల లోనికి తీసుకొంటుంది. ఆ తలుపులు తక్కువైతే అది రక్తములోనే మిగిలి, సంవత్సరాల తరబడి రక్తనాళముల గోడలలో పేరుకొంటుంది. ఈ తలుపుల సంగతి కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికా వైద్యులకు 1985లో నోబెల్ బహుమతి ఇచ్చారు. కొందరికి ఈ లోపము తల్లిదండ్రుల నుండే వస్తుంది. నొప్పి ఉండదు, నీరసము ఉండదు. రక్తపరీక్ష చేయించుకొంటే తప్ప తెలియదు.

తిండి సంగతి లేదని కాదు. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలారు. అంతకుముందు మా నాయన తరము తిన్నది జొన్న గటక, జొన్న రొట్టె. కాలువ వచ్చాక కోదాడ, మిర్యాలగూడ వైపు మూడు పూటలా తెల్లన్నమే. పీచు, నూనె ఉండే తవుడు మాత్రము మిల్లులోనే ఆగిపోతుంది. అన్నములో కొలెస్ట్రాల్ లేదన్నది నిజమే. కాని మితిమీరిన తెల్లన్నము ట్రైగ్లిజరైడులనే మరో కొవ్వును పెంచుతుంది. ఇక నూనె ప్యాకెట్ల మీద "కొలెస్ట్రాల్ లేదు" అని పెద్ద అక్షరాలతో వేయటము చూస్తే నాకు నవ్వు వస్తుంది. పల్లీ నూనెలో లేదు, పామాయిలులోనూ లేదు. అయితే పామాయిలులో దాదాపు సగము సంతృప్త కొవ్వు. కాలేయపు తలుపులను తగ్గించేది అదే. మాంసపు కొవ్వు, డాల్డా కూడా ఆ కోవకు చెందినవే. క్రిస్మస్ విందు మానమని నేను చెప్పను. కాని ఒకసారి బజ్జీలు వేసిన నూనెనే వారమంతా కాచటము మానవచ్చు.

బావకు రాసినది స్టాటిన్ అనే జాతి మాత్ర. దాని పుట్టుక చిత్రమైనది. అకీరా ఎండో అనే జపాను రైతుబిడ్డ 1970ల తొలినాళ్ళలో వేలకొద్దీ బూజులను, శిలీంధ్రములను పరీక్షించి, క్యోటోలోని ఒక ధాన్యపు కొట్టు బియ్యము మీద దొరికిన బూజులో మొదటి స్టాటిన్‌ను కనుగొన్నాడు. అక్కకు చెప్తే, "మా మిల్లులో బూజు పడితే బస్తాలకు బస్తాలు వెనక్కి పంపుతారు గదే!" అన్నది.

మూడు నెలలకు 182 కాస్తా 94కు దిగింది. అక్కడే వచ్చింది చిక్కు. కోదాడలో ఒక పెండ్లిలో దగ్గరి చుట్టము, "నార్మల్ వచ్చాక ఇంకా మందెందుకు? కాలేయము పాడవుతుంది" అన్నాడట. బావ మానేశారు. మాత్ర వాడినంతకాలమే కాలేయపు ఉత్పత్తి తగ్గుతుంది. మానితే కొద్ది వారాలలోనే పాత అంకె తిరిగి వస్తుంది. అది ఆ పెండ్లిలో ఎవరూ చెప్పలేదు.

రెండేండ్ల తర్వాత ఒక తెల్లవారుజామున ఎడమ చేయి లాగుతున్నదని, ఛాతీలో బరువుగా ఉన్నదని లేచి, గ్యాసేమోనని సోడా తాగి మరల పడుకొన్నారు. ఒంటిమీద చెమట చూసి అక్క ఊరుకోలేదు. పక్కింటివారిని లేపి ఆసుపత్రికి, అక్కడి నుండి హైదరాబాదుకు తీసుకొనిపోయింది. స్టెంటు వేశారు. దేవుని కృప వలన బ్రతికారు గాని, బస్తా మరల ఎత్తలేదు. ఇప్పుడు మిల్లు గేటు దగ్గర లారీల లెక్క రాస్తున్నారు. మాత్ర డబ్బా చొక్కా జేబులోనే ఉంటుంది.

పిల్లలకు కూడా పరీక్ష చేయించమని డాక్టరుగారు చెప్పారు. పెద్దవాడికి 29 ఏండ్లు, కోదాడలో ఆటో నడుపుతాడు, తండ్రిలాగే బక్కవాడు. వాడికి 168 వచ్చింది. "నాకేమి తక్కువైంది పిన్నీ" అని రెండు రోజులు అలిగి, తర్వాత మందు మొదలుపెట్టాడు. కండరాలు నొప్పి పెడితే తనంతట తాను మానక వచ్చి చెప్పమన్నారు. చిన్నవాడు ఇంకా పరీక్షకు పోలేదు. పండుగకు వస్తానన్నాడు. వచ్చిన మరునాడే, టీ కూడా తాగనీయకుండా తీసుకొనిపోతానని అక్క చెప్పింది.