నాన్న వాసన చూసిన గ్లాసు

మా ఇంట్లో ‘మందు’ అనే మాట ఎవరూ పైకి అనరు. అమ్మ దాన్ని ‘అది’ అంటుంది. ‘మీ నాన్న అది మానేసి ఇన్నేళ్లయింది’ అని ప్రతి ఉగాదికీ లెక్క చెబుతుంది. 2009లో నా పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన రోజు రాత్రి నాన్న బండి మీద నుంచి పడ్డాడు. ఎడమ చెయ్యి విరిగింది. నా మార్కుల సంగతి ఆ రాత్రి ఎవరికీ గుర్తు రాలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక నాన్న మళ్లీ ముట్టలేదు.

అలాంటి ఇంటి నుంచి వచ్చిన నేను ఇప్పుడు శాన్‌డియాగోలో ఉంటున్నా. గుంటూరులో ఉండి మిరపకాయ సంగతి తెలియదనడం ఎలాంటిదో, ఈ ఊళ్లో ఉండి బీరు సంగతి తెలియదనడం అలాంటిది. మిరమార్ రోడ్డు చుట్టుపక్కల బీరు తయారుచేసే చోట్లు ఎన్ని ఉన్నాయంటే, జనం ఆ ప్రాంతాన్ని సరదాగా ‘బీరమార్’ అని పిలుస్తారు. ఆఫీసు వాళ్లతో వెళ్లి రుచి చూడటం మొదలుపెట్టాను. నెలకి రెండు మూడుసార్లు, ఒక్క గ్లాసు. అమ్మ వీడియో కాల్ చేస్తే గ్లాసు లాప్‌టాప్ వెనక్కి వెళ్లిపోయేది.

ముందే చెప్తున్నా, ఇది చదివి ఎవరూ కొత్తగా తాగడం మొదలుపెట్టొద్దు. నేను చెప్పబోయేది ఒక్క గ్లాసు గురించి. అందులో మిరపకాయ ఉంది కాబట్టే ఈ కథంతా.

ఆ బీరు పేరు షోకోవేసా. స్టోన్ అనే ఇక్కడి కంపెనీ చలికాలంలో తెస్తుంది. 2014లో ఆ కంపెనీ ఇళ్లలో బీరు కాచుకునేవాళ్లకి పెట్టిన పోటీలో క్రిస్ బ్యాంకర్ అనే ఆయన గెలిచాడు. ఆయన రెసిపీని స్టోన్ వాళ్లూ, సరిహద్దుకి అవతల టిహువానాలోని ఇన్సుర్‌హెంటే అనే బ్రూవరీ వాళ్లూ కలిసి తయారుచేశారు. మెక్సికోలో దాల్చిన చెక్క వేసి కాచే వేడి చాక్లెట్ ఉంటుంది కదా, దాన్ని బీరులోకి తీసుకురావడమే ఆలోచన. అందుకని కాఫీ, కోకో, దాల్చిన చెక్క, జాజికాయ, వెనిలా, వీటన్నిటితో పాటు పసీయా అనే ఎండు మిరపకాయ.

దీన్ని స్టౌట్ అంటారు, అంటే నల్ల బీరు. బార్లీని నల్లగా మాడేదాకా వేయిస్తారు కాబట్టి కాఫీ గింజ ఒక్కటి వెయ్యకపోయినా స్టౌట్‌కి కాఫీ వాసన వస్తుంది. ఇందులో కాఫీ నిజంగానే వేస్తారు. పాలలో ఉండే చక్కెర కూడా కలుపుతారు. ఆ చక్కెరని ఈస్ట్ తినలేదు, అందుకని తీపి అలాగే మిగులుతుంది. మామూలు బీరులో ఆల్కహాల్ 5 శాతం దగ్గర ఉంటే ఇందులో 8.1 శాతం. గ్లాసు చిన్నదే చాలు.

మొదటిసారి దీన్ని నా ముందు పెట్టింది మా ఆఫీసులో సీనియర్. ఆవిడది టిహువానా. మిరపకాయ బీరు అనగానే నాలో గుంటూరు నిద్ర లేచింది. కారానికి సిద్ధపడి ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి గ్లాసు గటగటా సగం తాగేశా. కారం రాలేదు. చల్లారిపోయిన తియ్యటి కాఫీలా ఉంది.

“ఇందులో మిరపకాయ ఎక్కడుంది? మోసం!” అన్నాను.

ఆవిడ నవ్వి, గ్లాసు నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. ఇరవై నిమిషాలు ముట్టుకోవద్దంది. మరీ చల్లగా ఉంటే వాసనలన్నీ ముడుచుకుపోతాయట. ఆ తర్వాత ముందు వాసన చూడమంది, ఆనక చిన్న గుక్క.

ఈసారి వేరే బీరు తాగినట్టే ఉంది. మొదట కాఫీ, దాని వెనకే దాల్చిన చెక్క. నాలుక మధ్యలో చాక్లెట్, పాల తీపి. మింగేశాక ఒక్క క్షణం ఏమీ లేదు. అప్పుడు గొంతులో నెమ్మదిగా వెచ్చదనం. మంట కాదు. చలికాలం పొద్దున్నే పొయ్యి దగ్గర చేతులు పెట్టినట్టు. దాంతో పాటు ముక్కులోకి ఎండు ద్రాక్ష లాంటి వాసన వచ్చింది. అది దేనిదో పట్టుకోలేకపోయా.

“అదే మిరపకాయ. పసీయా అంటేనే చిన్న ఎండు ద్రాక్ష అని అర్థం” అంది ఆవిడ. “మీ ఊళ్లో మిరపకాయకి రుచి ఎలా ఉంటుంది?”

“కారంగా ఉంటుంది.”

“నేను రుచి అడిగాను.”

నా దగ్గర సమాధానం లేదు. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో పుట్టాను. మా నాన్న 31 ఏళ్లు ఆ యార్డులో కమీషన్ దుకాణంలో గుమాస్తా. మిరపకాయ రుచి ఏంటో నాకు తెలియదు!

ఇంటికెళ్లి చదివితే ఆవిడ ప్రశ్నలో అర్థం ఉందని తెలిసింది. కారం నిజానికి రుచి కాదట. మిరపకాయలోని క్యాప్సైసిన్, మన నరాల్లో వేడిని పసిగట్టే ఒక గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. ‘కాలుతోంది’ అని మెదడు నమ్మేస్తుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది, ఇంకొకరితో కలిపి. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్క 1912 నాటిది. మిరపకాయ సారాన్ని ఆల్కహాల్‌లోకి దించి, చక్కెర నీళ్లు కలుపుతూ కలుపుతూ, రుచి చూసేవాళ్లకి కారం తెలియకుండా పోయేదాకా పలచన చేసేవాళ్లు. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. అందుకే ఇంట్లో బీరు కాచేవాళ్లు చాలామంది ఎండు మిరపకాయల్ని వోడ్కాలో నానబెట్టి, ఆ సారాన్ని చుక్కలు చుక్కలుగా కలుపుతారు.

గుంటూరు సన్నం ఆ లెక్కలో సుమారు 35,000 నుంచి 40,000 దాకా ఉంటుంది. పసీయా రెండు మూడు వేలు కూడా దాటడం కష్టం. కారం అంత తక్కువ కాబట్టే దాని వెనకున్న రుచి బయటికొస్తుంది. మనకి మంట ముందొచ్చి కూర్చుంటుంది, మిగతావన్నీ దాని వెనక నిలబడతాయి.

2024 డిసెంబర్‌లో అమ్మానాన్న మొదటిసారి ఇక్కడికొచ్చారు. వాళ్లు రాకముందే ఫ్రిజ్‌లో సీసాలన్నీ గ్యారేజీలోకి, బియ్యం బస్తా వెనక్కి చేరాయి. ముప్పై ఏళ్ల మనిషిని, సొంత సంపాదన, అయినా బస్తా వెనక దాచా. సిగ్గేసింది. కానీ దాచా.

నాలుగో రోజు సాయంత్రం. ప్రయాణం బడలికతో అమ్మ ఏడింటికే పడుకుంది. నాన్న గదిలో లైటు ఆరిపోయింది. ఆ రోజు ఆఫీసులో బాగా పని. ఒక సీసా తెచ్చుకుని బాల్కనీలో గ్లాసులో పోసుకుని, చల్లదనం తగ్గడానికి పక్కన పెట్టి ఫోన్ చూసుకుంటున్నా.

“ఏందమ్మా అది?”

వెనక్కి తిరిగేలోపే నాన్న పక్కన కూర్చున్నాడు. కాఫీ అని చెప్పేద్దామనుకున్నా. నల్లగా ఉంది, కాఫీ వాసనే వస్తోంది, నమ్మేవాడేమో. కానీ నోరు రాలేదు.

“బీరు నాన్నా.”

ఆయన ఏమీ అనలేదు. చెయ్యి చాపి గ్లాసు తీసుకున్నాడు.

నా గుండె ఆగినంత పనైంది. 15 ఏళ్లు. అమ్మ లెక్కపెట్టిన ఉగాదులన్నీ నా బాల్కనీలో, నా గ్లాసుతో పోతాయా? లాక్కోవాలి. నాన్న చేతిలోంచి లాక్కునేదెలా? కదల్లేకపోయా.

ఆయన గ్లాసుని నోటి దాకా తీసుకెళ్లలేదు. ముక్కు దగ్గర ఆపాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ మొహం నాకు తెలుసు. చిన్నప్పుడు సెలవుల్లో యార్డుకి తీసుకెళ్లినప్పుడు చూశా. టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి, ఇలాగే కళ్లు మూసుకునేవాడు. చుట్టూ జనమంతా తుమ్ముతూ, దగ్గుతూ ఉంటే ఆయన మాత్రం నింపాదిగా పీల్చి, ‘నెమ్ముంది’ అనో, ‘పాత కాయ కలిపారు’ అనో చెప్పేవాడు. ఆ పని చూసి నేను గొప్పగా ఫీలయింది ఎప్పుడూ లేదు. కాలేజీలో ‘నాన్నగారు ఏం చేస్తారు’ అంటే ‘బిజినెస్’ అనేదాన్ని.

“కాఫీ ఉంది. దాల్చిన చెక్క. జాజికాయ కూడా వేశారు” అన్నాడు. ఆగి, మళ్లీ పీల్చాడు. “అడుగున మిరపకాయ ఉందమ్మా. మన కాయ కాదు. తేజా అయితే ఈ పాటికి ముక్కు మండాలి. బ్యాడిగి లాగా కారం లేని రకం. కానీ అదీ కాదు. ఎండు ద్రాక్ష వాసనొస్తంది.”

నేను సీసా మీద చదివితే గానీ తెలుసుకోలేనిది, ఆయన చీకట్లో ముక్కుతో చదివేశాడు.

గ్లాసుని నా వైపు జరిపి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ఇంక నువ్వు పట్టుకో. వాసన చూస్తే గొంతు అడుగుద్ది. ఇప్పటికీ అడుగుద్ది. అడగనీ. మనం ఇవ్వకపోతే సరి.”

“సారీ నాన్నా.”

“రోజూ తాగుతావా?”

“లేదు. నెలకి రెండు మూడుసార్లు, అంతే.”

“మేమూ అట్టాగే మొదలెట్టాం.”

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. పక్కింటి క్రిస్మస్ లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. చాలాసేపటికి ఆయనే అన్నాడు.

“పెద్దదానివి, వద్దని నేను చెప్పను. దాచి మాత్రం తాగబాక. యార్డులో అందరితో కలిసి తాగినన్నాళ్లు నాకో లెక్క ఉండేది. మీ అమ్మకి తెలీకుండా దాయడం మొదలెట్టాకే లెక్క తప్పింది.”

“అమ్మకి చెప్తావా?”

“నువ్వే చెప్పు. నేను చెప్తే నేనే నేర్పించానంటది.”

ఆయన లోపలికెళ్లాక గ్లాసు వంక చూశా. తాగాలనిపించలేదు. సింకులో పోసేశా. ఆ వాసన మాత్రం చాలాసేపు వంటింట్లో ఉంది.

మర్నాడు నాన్నని ఒక మెక్సికన్ కిరాణా షాపుకి తీసుకెళ్లా. అక్కడ ఎండు మిరపకాయలు విడిగా డబ్బాల్లో పోసి అమ్ముతారు. ఆంచో, గ్వాహీయో, ఆర్బోల్, పసీయా. నాలుగు రోజులుగా అమెరికా ఏం చూపించినా ‘బాగుందమ్మా’ అని ఊరుకునే మనిషి, అక్కడ అరగంట కదల్లేదు. ఒక్కోటి తీసి చెవి దగ్గర పెట్టి ఆడించి గింజల చప్పుడు విన్నాడు. తొడిమ దగ్గర నొక్కి చూశాడు. పసీయా డబ్బా దగ్గర ఆగాడు. పొడుగ్గా, ముడతలు పడి, నల్లగా ఉంది కాయ. వాసన చూసి, “ఇదే. రాత్రి గ్లాసులో ఉంది ఇదే” అన్నాడు.

మిరపకాయ పుట్టిందే మెక్సికో వైపని, పోర్చుగీసు వాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశానికొచ్చిందని చెప్పా. అక్కడి పాత జనం చాక్లెట్ నీళ్లలో మిరపకాయ కలుపుకుని తాగేవారని కూడా. నాన్న నమ్మలేదు. 31 ఏళ్లు ఆ కాయల మధ్యే గడిపిన మనిషికి అది మనది కాదంటే ఎలా ఉంటుంది? ఫోన్‌లో చూపించాక పసీయా కాయని అరచేతిలో పెట్టుకుని చూస్తూ, “అయితే ఇది మన సన్నానికి తాత అన్నమాట” అన్నాడు. పావు కిలో కొనిపించాడు. అమ్మ దాంతో పచ్చడి చేసి, ఒక ముద్ద తిని, ‘ఇదేం మిరపకాయ, కారమే లేదు’ అని పక్కన పెట్టేసింది. నాన్న మాత్రం మూడు రోజులు వేసుకున్నాడు.

వాళ్లున్న ఆరు వారాల్లో అమ్మకి చెప్పలేకపోయా. కానీ సీసాలు బియ్యం బస్తా వెనక నుంచి తీసేశా. ఇప్పుడు నెలకి ఒకటి. తేదీ ఫోన్‌లో రాసుకుంటున్నా. నాన్న చెప్పిన లెక్క అదే. అది పెరిగితే నాకే కనిపిస్తుంది.

పోయిన ఆదివారం అమ్మకి ఫోన్ చేసి మొత్తం చెప్పేశా. బాల్కనీ, గ్లాసు, నాన్న. తిడుతుందని సిద్ధంగా ఉన్నా. అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నా.

“నాన్న తాగాడా?” అంది.

“లేదమ్మా. వాసన చూసి ఇచ్చేశాడు.”

“గ్లాసు చేతిలోకి తీసుకుని కూడానా?”

“తీసుకుని కూడా.”

మళ్లీ మాట లేదు. తర్వాత గొంతు సవరించుకుని, నా సంగతి వచ్చే ఆదివారం తేలుస్తానంది. పెట్టేసే ముందు మళ్లీ అడిగింది, “నిజంగా తాగలేదుగా?”

నిజంగా తాగలేదని మళ్లీ చెప్పాను.