మూడు దేశముల ఛాయాపటము

2025వ సంవత్సరము మార్చి నెలలో నొక సోమవారమున, బడి విడిచిన పిమ్మట, మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకని తండ్రి మమ్ము జూడవచ్చెను. ఆయన పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని యొక కర్మాగారములో షిఫ్టుపని చేయువాడు. ఉదయపు షిఫ్టు ముగించుకొని, యింటికైనను బోక, తిన్నగా సంగారెడ్డి బస్సెక్కి వచ్చెను. కుమారుడు 2023వ సంవత్సరమునుండి జర్మనీ దేశమునందలి ఆహెన్ పట్టణములో సాంకేతిక విద్య నభ్యసించుచున్నాడు.

ఆయన తన ఫోనును మా చేతికిచ్చెను. అందొక ఛాయాపటము. ఒక రాతికంబము ప్రక్కను ఆ బాలుడును, మన బడిలో వానితో నొకే బల్లపై గూర్చుండి చదివిన మరియొక బాలుడును భుజములపై జేతులు వైచికొని నవ్వుచు నిలిచియుండిరి. క్రింద “ఈ రోజు మూడు దేశాలు” అని వ్రాసియుండెను.

“సారూ, మేం ఈడ బ్యాంకుల వడ్డీ కడ్తున్నం. మావోడు ఒక్క దినంల మూడు దేశాలు తిరిగిండు. ఎన్ని విమానాలెక్కిండో, ఎన్ని పైసలు పెట్టిండో! జర మీరన్న చెప్పుండ్రి” అని యాయన వాపోయెను.

మాకును గోపము వచ్చెను. ఏలయన, ఆ ఋణమునకై బ్యాంకు ఫారములు నింపినవారము మేమే. వాని గుణశీలములనుగూర్చి యోగ్యతాపత్రము వ్రాసియిచ్చినవారమును మేమే. ఆ రాత్రియే యొక యుత్తరము వ్రాసి ఫోనులో బంపితిమి. తండ్రి యంత్రముల చెంత రాత్రులు నిలుచుండగా, కుమారుడు శని యాదివారములలో దేశసంచారము చేయుట సిగ్గుమాలిన పనియని వ్రాసితిమి. అంతకంటె కఠినమైన మాటయు నొకటి వ్రాసితిమి. దానిని మరల వ్రాయుటకు మాకిప్పుడు చేయి యాడదు.

రెండు దినములు ప్రత్యుత్తరము రాలేదు. మూడవ దినమున వచ్చినది. అందు గోపములేదు, వాదములేదు. జరిగినది జరిగినట్లు వ్రాసియుండెను.

ఆ రెండవ బాలుడు హాలండు దేశమున మాస్ట్రిక్ట్ పట్టణములో జదువుచున్నాడు. జర్మనీలో వీనికి బోధనారుసుము లేదు. హాలండులో మనదేశమువారికది మిక్కిలి హెచ్చు. కావున వాని తలపై ఋణభారమును హెచ్చే. శీతకాలపు పరీక్షలలో వాడు రెండింట దప్పెను. ఇంటికి జెప్పలేదు. “అంతా బాగున్నది” అని మూడు నెలలు బొంకెను. పిమ్మట తరగతులకు బోవుట మానెను. స్నేహితునికి మొదట నిడుపైన జాబులు వ్రాయుచుండినవాడు క్రమముగా ముక్తసరిగా వ్రాయసాగెను. కడపట నేమి యడిగినను బొటనవ్రేలి బొమ్మయొక్కటే పంపుచుండెను. ఆ బొమ్మను జూచి మనవాడు భయపడెను.

శుక్రవారము సాయంకాలమున నొక సంచిలో కందిపప్పు, చింతపండు, ఇంటినుండి తెచ్చుకొన్న మామిడితొక్కు సర్దుకొని బస్సెక్కెను. తలుపు చాలసేపటికి గాని తెరువబడలేదు. లోపల తెరలు దించియుండెను. తొట్టిలో నెన్నాళ్లవో యంటుగిన్నెలుండెను. వీడేమియు బ్రశ్నింపలేదు. గిన్నెలు కడిగి, యన్నమును బప్పుచారును వండి, యెదుట బెట్టెను. వాడు రెండు మారులు వడ్డించుకొని తిని, పిమ్మట నేడ్చెను.

మరునాటి మధ్యాహ్నము, ఇచ్చట సాయంకాలమగు వేళ, వీడు ప్రక్కను గూర్చుండి వానిచేత సదాశివపేటలోనున్న తండ్రికి ఫోను చేయించెను. వాడు సర్వమును జెప్పెను. తండ్రి కొంతసేపు మౌనముగా నుండి, “తిన్నవా బిడ్డా?” అని మాత్రమడిగెనట.

ఆదివారము మనవాడు తిరుగుప్రయాణమైనప్పుడు, ఎన్నో దినములుగా గది విడువని యా బాలుడు తానై చెప్పులు దొడిగికొని, “సరిహద్దు దాక వస్త” అనెను. చుట్టమును బొలిమేర వరకు సాగనంపుట మన యాచారము గదా! వారిరువురును వాల్స్ అను గ్రామమున బస్సు దిగి, యచ్చటి కొండపైకి నడచిరి. అది 322 మీటర్ల యెత్తు. మనకది గుట్టయే గాని, యూరపులోని హాలండు భూభాగమునకంతకు నదియే శిఖరము. దానిపైనే జర్మనీ, హాలండు, బెల్జియము అను మూడు దేశముల యెల్లలు కలియును. అచ్చట దీసినదే యా ఛాయాపటము. కంబముచుట్టు నాలుగడుగులు వేసినచో మూడు దేశములు తిరిగినట్లే!

ఆ యుత్తరము చదివి మేము పటములపుస్తకమును దెరచితిమి. భూగోళము బోధించు మేము ఆ పనిని ముందుగా జేయకపోతిమి! ఆహెన్ నుండి మాస్ట్రిక్ట్ సుమారు 30 కిలోమీటర్లు. పటాన్‌చెరునుండి ఆ తండ్రి మాయొద్దకు వచ్చిన దూరమునకును దానికిని భేద మత్యల్పము. ఆయన యెక్కినది బస్సు; కుమారుడెక్కినదియు బస్సే. “దేశాంతరము” అను మాట వినగానే మేము సముద్రములను విమానములను దలంచితిమి గాని, త్రోవను గొలిచి చూడలేదు.

విద్యార్థులారా, ఆ కొండ కథయు దెలిసికొనదగినది. 1816వ సంవత్సరమున యశదపు గనికొరకు హాలండు, ప్రష్యా ప్రభుత్వములు రెండును బట్టుబట్టగా, గనియున్న చిన్న ప్రాంతమును ఎవ్వరికిని జెందని సీమగా విడిచిరి. అందువలన నచ్చట కొంతకాలము నాలుగు ఎల్లలు కలియుచుండెను. 1920లో నది బెల్జియమునకు జేరెను. 1944 అక్టోబరులో ఆహెన్ పట్టణముకొరకు వీధి వీధిని ఘోరయుద్ధము జరిగినది. అట్టి సీమలలో, 1985వ సంవత్సరమున షెంగెన్ గ్రామమున నైదు దేశములు చేసికొన్న యొడంబడిక ననుసరించి, 1995 మార్చి 26 నుండి సరిహద్దు తనిఖీలు తొలగింపబడెను. ఒక దేశమున నివాసపత్రము గల పరదేశవిద్యార్థి తక్కిన షెంగెన్ దేశములలో 180 దినములలో 90 దినములకు మించకుండ సంచరింపవచ్చును. అయినను పాస్‌పోర్టును నివాసపత్రమును వెంటనుండవలెను. 2024 సెప్టెంబరు 16న జర్మనీ తన భూసరిహద్దులన్నిటను దాత్కాలికముగా మరల తనిఖీలు ప్రారంభించియుండెను. ఆ యాదివారమున వీని బస్సులోనికిని పోలీసులెక్కి పత్రములు చూచిరట. వీనియొద్ద నుండెను గనుక చిక్కు కలుగలేదు.

వ్యయమన నెంత? 2023లో జర్మనీకి బోవు విద్యార్థి సంవత్సరమునకు 11,208 యూరోలు ముందుగా బ్యాంకులో నిలువచేయవలసియుండెను. అందుండి నెలకు 934 యూరోలు మాత్రమే చేతికి వచ్చును. దానిలోనే గది, తిండి, ఆరోగ్యభీమా. అట్టి సొమ్ములోనుండి వీడు స్నేహితునికొరకు బస్సుకిరాయియు బప్పును దెచ్చుకొనెను.

మేము వానికి క్షమాపణ వ్రాసితిమి. ఇరువది సంవత్సరములకు బైగా బడిలో నుండి, శిష్యునికి క్షమాపణ వ్రాయుట మాకదియే మొదలు. రెండవ బాలుని యనుమతి పొంది తండ్రికిని సంగతి తెలిపితిమి. ఆయన ఛాయాపటమును మరల దీసి చాలసేపు చూచెను. పిమ్మట “ఆ పిలగాడు ఇప్పుడు మంచిగ తింటున్నడా సారూ?” అని యడిగెను. విమానముల మాట యెత్తలేదు.

ఆ బాలుడు వేసవిలో రెండు పరీక్షలును మరల వ్రాసెను. ఒకటి గడచెను, రెండవది మిగిలియున్నది. ఈ మారు ఇంటికి నిజమే చెప్పెను. ఇరువురి సమ్మతితో, పేరులు విడిచి, ఈ వృత్తాంతమును వ్రాయుచున్నాము.

గర్భవతియైన ఎలీసబెతు చెంతకు మరియ కొండసీమకు ద్వరగా వెళ్లి, మూడు నెలలు నిలిచిన సంగతి మనము ప్రతి క్రిస్మసు దినములలో వినుచున్నాము. అదియు నొక ప్రయాణమే. దానిని దేశసంచారమని యెవ్వరును నిందింపలేదు. తల్లిదండ్రులారా, దూరముననున్న బిడ్డను మార్కులకు ముందు భోజనము సంగతి యడుగుడు. విద్యార్థులారా, తప్పిన పరీక్షను మరల వ్రాయవచ్చును. దాచిన దుఃఖము దినదినము బరువెక్కును. మీ స్నేహితుని జాబులు చిన్నవగుచున్నచో బస్సెక్కుడు. ఉపాధ్యాయులమైన మేము మాత్రము, కఠినోత్తరము వ్రాయుటకు ముందు పటము తెరచి చూతుము.