హార్సిలీ కొండపై రెండు రాత్రులు

యాత్రకు బయలుదేరువారు సాధారణముగా మొదట దారిని గూర్చి యోచింతురు. కాని దారికంటె ముందు యోచింపవలసినది బస. పగలు ఎచ్చట తిరిగినను గడచును. ప్రొద్దు క్రుంకిన పిమ్మట తల దాచుకొనుటకు చోటు, త్రాగుటకు నీరు, వేళకు ఇంత అన్నము లేనియెడల ఎంత అందమైన ప్రదేశమైనను మనస్సునకు ఎక్కదు. ఈ సంగతిని మన పూర్వులు బాగుగా ఎరుగుదురు. చెన్నపట్టణవాసియైన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున కాశికి బయలుదేరి 1831లో తిరిగి వచ్చిరి. ఆయన వ్రాసిన కాశీయాత్రచరిత్రలో మజిలీలను గూర్చి చెప్పునప్పుడు సత్రము కలదా, నీరు మంచిదా, అంగళ్ళు ఉన్నవా అను విషయములు శ్రద్ధతో గుర్తింపబడి యున్నవి. అప్పటినుండి రెండువందల యేండ్లు కావచ్చుచున్నను, బస వెదకువారు అడుగవలసిన ప్రశ్నలు నేటికిని అవియే.

తొమ్మిదవ తరగతి తెలుగు మాధ్యమ విద్యార్థులమైన మేము పదునలుగురము ఈ సంవత్సరము హార్సిలీ కొండపై రెండు రాత్రులు గడపవలెనని నిశ్చయించితిమి. యాత్ర ఇంకను జరుగవలసియున్నది. ఈ వ్యాసము దానికై మేము చేసికొనిన ఏర్పాటును గూర్చినది మాత్రమే. ఐనను ఏర్పాటులోనే మేము నేర్చికొన్నది కొంత కలదు గనుక, దానిని సోదర విద్యార్థుల ముందు ఉంచుచున్నాము.

మొదట ఉదకమండలమని కొందరు, ఏర్కాడని కొందరు అనిరి. తిరుమల కొండను మాలో చూడనివారు లేరు. హార్సిలీ కొండ పేరు తెచ్చినవారు మాలో ఒకని తాతగారు. ఎనుబది యేండ్లు నిండిన ఆ పెద్దలు తమ చిన్ననాటి పాఠశాల ధ్రువపత్రమును మాకు చూపిరి. దానిపై పళ్ళిపట్టు పేరునకు క్రింద చిత్తూరు జిల్లా అని యుండెను. మేము ఆశ్చర్యపడితిమి. అప్పుడాయన, "నాయనలారా, మేము ఊరు కదలలేదు. జిల్లాయే కదలిపోయినది" అని నవ్విరి.

ఆ మాటను పట్టుకొని మేము చరిత్రను వెదకితిమి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతములును, అటు కడప జిల్లానుండి వచ్చిన మదనపల్లె ప్రాంతమును ఒకే జిల్లాలో చేరినవి. భాషాప్రాతిపదికపై రాష్ట్రములు ఏర్పడిన పిమ్మట సరిహద్దు వివాదము తలయెత్తగా, పటాస్కర్ గారి సిఫారసులను అనుసరించి 1959లో సరిహద్దు మార్పు శాసనము వచ్చెను. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకాయు పళ్ళిపట్టు ఉపతాలూకాయు మద్రాసు రాష్ట్రమునకు చెందినవి. చెంగల్పట్టు జిల్లాలో ఉండిన మా ప్రాంతము 1997 నుండి తిరువళ్ళూరు జిల్లాలో ఉన్నది. కావున 49 యేండ్ల పాటు హార్సిలీ కొండ మా జిల్లా కొండయే. మా ముత్తాతలకు అది పరాయి చోటు కాదు. ఇది తెలిసిన పిమ్మట ఉదకమండలము మాట మరల ఎవరును ఎత్తలేదు.

స్థలము నిశ్చయమైనది. ఇక బస ఎచ్చట? ఇందులో మాకు తోడ్పడినది ఒక భూగోళపాఠము. మా సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులవారు ఆల్ప్సు పర్వతములను గూర్చి చెప్పుచు, ఇటలీ ఉత్తరభాగమునందలి బొల్జానో నగరములో రెండు రాత్రులు తక్కువ వ్యయముతో ఉండుటకు ఏర్పాటు వ్రాసి తెండని మాకు అభ్యాసము ఇచ్చిరి. పటమును ముందు పెట్టుకొని మేము కూర్చుంటిమి. ఆ నగరము లోయలో, సముద్రమట్టమునకు సుమారు 260 మీటర్ల ఎత్తున మాత్రమే యున్నది. చుట్టును కొండలు. నగరమునుండి తీగలపై నడచు బండి యెక్కినచో 1,200 మీటర్ల ఎత్తుననున్న పీఠభూమికి చేరవచ్చును. కాబట్టి అచ్చటికి పోవు సామాన్యయాత్రికునకు ఎదురగు ప్రశ్న ఇది: క్రింద రైలుస్టేషను దగ్గర చిన్న హోటలులో దిగి పగలు కొండ ఎక్కి దిగవలెనా, లేక కొండపైననే ఉండవలెనా? క్రింద ఉన్నచో అంగళ్ళు, బండ్లు సులభము. పైన ఉన్నచో ఉదయము, సాయంకాలము మనవి.

ఆ పాఠమువలన మరియొక సంగతియు తెలిసినది. బొల్జానోను జర్మనుభాషవారు బొట్సెన్ అందురు. మొదటి ప్రపంచయుద్ధము తరువాత, 1919 నాటి సంధి ననుసరించి, ఆస్ట్రియాకు చెందిన ఆ ప్రాంతము ఇటలీ వశమయ్యెను. అక్కడివారును ఊరు కదలలేదు, దేశమే కదలినది. ఫాసిస్టుల పాలనలో జర్మనుభాషా పాఠశాలలు మూయబడగా, పిల్లలు ఇండ్లలో రహస్యముగా తమ భాష చదివిరి. 1946లో ఇటలీ, ఆస్ట్రియాలు ఒక ఒడంబడిక చేసికొనెను. 1972 నాటి స్వయంపాలన శాసనము దానిని ఇంకను బలపరచెను. నేడు అచ్చటి రైలుస్టేషనుపై పేరు రెండు భాషలలోను కలదు. బస కోరి వ్రాయువారు ఏ భాషలో వ్రాసినను చదువువారున్నారు. ఆరువేల కిలోమీటర్లకు పైగా దూరమందున్న ఆ పిల్లలు మాకు ఒక్కసారిగా పొరుగువారివలె తోచిరి.

ఆ అభ్యాసమునందలి పద్ధతినే మేము మా కొండకు అన్వయించితిమి. మదనపల్లె క్రింద, హార్సిలీ కొండ పైన. నడుమ దూరము సుమారు 30 కిలోమీటర్లు. కొండ ఎత్తు 1,200 మీటర్లకు మించును. దాని పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అను భక్తురాలిని ఏనుగులు పోషించినవని అచ్చటివారు చెప్పుకొందురు. ఆమెకు అచ్చట గుడియు కలదు. కడప కలెక్టరుగానుండిన హార్సిలీ దొర 19వ శతాబ్దమున వేసవికై అచ్చట ఇల్లు కట్టించుకొనగా, ఆయన పేరే కొండకు నిలిచినది. నీలగిరి చెట్ల నీడలును, గాలిబండపై నిలుచువారిని త్రోయునంతటి గాలియు అక్కడి విశేషములు.

పట్టణములో దిగుదమన్నవారి వాదము బలమైనదే. మదనపల్లెలో తక్కువ అద్దెకు గదులు దొరకును, భోజనశాలలు అనేకములు. పైగా ఆ పట్టణము చూడదగినది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరుగారు అచ్చటి దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి, జనగణమన గీతమును ఆంగ్లమునకు అనువదించిరి. జిడ్డు కృష్ణమూర్తిగారు 1895లో జన్మించినదియు ఆ పట్టణముననే. కాని ప్రతిదినము ముప్పది కిలోమీటర్లు ఎక్కి దిగుటకు బండి అద్దె చెల్లించినచో, గది అద్దెలో మిగిలినదంతయు దారిలో పోవును. కొండపై తెల్లవారుటను చూచు భాగ్యమును పోవును. కావున మదనపల్లెను తిరుగుదారిలో చూచుటకును, రెండు రాత్రులును కొండమీదనే, పర్యాటకశాఖవారి వసతిగదులలో సామాన్యమైనవి కోరుటకును తీర్మానించితిమి.

దినముల నిర్ణయము తరువాతి చిక్కు. శని, ఆదివారములలో బెంగుళూరునుండి జనులు విశేషముగా వత్తురు. అప్పుడు గదులు దొరకుట కష్టము. అందుచేత అందరును దిగివచ్చు ఆదివారమున మేము ఎక్కి, మంగళవారమున తిరిగి రాదలచితిమి. ఇందువలన పాఠశాల రెండు దినములు తప్పును. ప్రధానోపాధ్యాయులవారిని అనుమతి వేడగా, ప్రతివిద్యార్థియు చూచినదానిని దినచర్యగా వ్రాసి తెలుగు పంతులుగారికి చూపవలెనను నియమముపై అంగీకరించిరి.

దారి విషయమున రైలు బాగుండునని తలచితిమి గాని, మదనపల్లె రోడ్డు అను స్టేషను పట్టణమునకు చాల దూరముగానున్నదని తెలిసి మానుకొంటిమి. బస్సులో చిత్తూరు, అచ్చటినుండి పీలేరు, వాయల్పాడుల మీదుగా మదనపల్లె, ఆ పైన కొండ. ఇచ్చట ఒక చిన్న లెక్క మమ్ము కొంతసేపు మౌనులను చేసినది. ఆంధ్రప్రదేశములో 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు బస్సులలో ఉచితప్రయాణము కలదు. అది ఆ రాష్ట్రనివాసులకు మాత్రమే. మాలో ఆడపిల్లలు ఆరుగురు. వారి ఆధార్ కార్డులపై పేరు తమిళ లిపిలోను ఆంగ్ల లిపిలోను ఉన్నది, చిరునామా తిరువళ్ళూరు జిల్లా. నియమము నియమమే, అందులో తప్పుపట్టవలసినది లేదు. కావున వారి టికెట్టు వెలను లెక్కలో వ్రాసికొంటిమి. "మన ఊరు ఏదని అడిగిన చెప్పవచ్చును గాని, మనది ఏ రాష్ట్రపు తెలుగని అడిగిన ఏమి చెప్పుదుము?" అని వారిలో ఒకతె అడిగెను. అప్పుడు మాకు జవాబు తోచలేదు.

అసలైన కష్టము ధనము. మాలో సగముమంది మగ్గము నమ్ముకొన్న కుటుంబములవారు. తలకు 1,200 రూపాయలు మించరాదని మొదటనే గీత గీసికొంటిమి. ఐనను ఇద్దరు, తమకు కొండలపై మక్కువ లేదనియు, మిగిలినవారు పోయి రావలసినదనియు అనిరి. వారి మక్కువ సంగతి మేము ఎరుగనిది కాదు. పటములో గాలిబండను మొదట వెదకి చూపినది వారిలో ఒకడే. అందుచేత ఎవరి వంతు ఎంత అను మాట విడిచి, మొత్తము ఖర్చును అందరిదిగా చేసితిమి. ఇంటింట పాత వార్తాపత్రికలు సేకరించి అమ్మగా 2,300 రూపాయలు వచ్చినవి. మొదటి దినపు ఆహారము ఇండ్లనుండి చింతపండు పులిహోర, రెండవపూటకు చపాతులు. ఇట్లు తగ్గించుకొనుచు రాగా పదునలుగురకును, తోడు వచ్చు ఉపాధ్యాయులు ఇరువురకును లెక్క సరిపడినది. సామాన్యమైన బస కోరుట కేవలము పొదుపునకై కాదని మాకు అప్పుడు తెలిసినది. బస ఎంత సామాన్యమైనదైన అంతమంది కలిసి పోవచ్చును. ఒక్కరైనను వెనుక మిగిలిపోవునట్టి మంచి గదికంటె, అందరును పట్టునట్టి ఇరుకు గది మేలు.

ఇక వసతిగృహమువారికి జాబు. అడుగవలసినవి ఇట్లు వ్రాసికొంటిమి: ఆడపిల్లలకు ఉపాధ్యాయినిగారితో కూడ ఉండుటకు వేరుగది కలదా? గదిలో మంచములెన్ని, నేలపై పరుపు వేసికొననిత్తురా? రాత్రి చలికి దుప్పట్లు వారివేనా, మేము తెచ్చుకొనవలెనా? వేడినీరు ఏ వేళకు వచ్చును? వంటశాల రాత్రి ఎన్ని గంటలకు మూయుదురు? గది ఏ గంటకు ఇత్తురు, ఏ గంటకు విడువవలెను? వానవలన రాలేకపోయినచో ముందు చెల్లించిన సొమ్ము తిరిగి ఇత్తురా? గుర్తింపుపత్రములు ఎవరెవరివి కావలెను? యాత్రలు చేయబోవు సోదరులు ఈ ప్రశ్నలను వ్రాసియుంచుకొనిన ఉపయోగపడును.

జాబు ఏ భాషలో వ్రాయవలెనన్న ప్రశ్న వచ్చినది. ఆంగ్లములో వ్రాసిన గౌరవముగా ఉండునని కొందరు అనిరి. వారి మనస్సులోని సంకోచము వేరు. 2006 నాటి శాసనము ప్రకారము మేము తమిళమును నేర్చుచున్నాము. ఇరుగుపొరుగువారితో ఆ భాష మాటలాడుచు పెరిగితిమి. అది మాకు ప్రియమైనదే. కాని మా తెలుగులో 'రొంబ' వంటి మాటలు దొర్లుచుండును. ఆ సంగతి విని, అచ్చటివారు మమ్ము చూచి నవ్వుదురేమోనని భయము. ఇంటిలో మాటలాడు భాషను దాని స్వస్థలముననే పలుకుటకు జంకుట ఎంత విచిత్రము! తెలుగు పంతులుగారు ఈ మాట విని, చిత్తూరుసీమ పలుకుబడిలోనే వ్రాసి పేరుపొందిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి 'పచ్చనాకు సాక్షిగా' పుస్తకమును మాకు ఇచ్చి చదువుమనిరి. చదివితిమి. అందులోని పలుకులలో మా అవ్వల నోట విన్నవి అనేకములు కలవు. సరిహద్దుగీత 1960లో భూమిపై గీయబడినది గాని, పలుకుబడిపై గీయబడలేదు.

ఆనాటి ప్రశ్నకు జవాబు ఇట్లు కొంతవరకు దొరకినది. జాబును తెలుగులోనే, మేము పాఠశాలలో నేర్చిన అక్షరములతోనే వ్రాసితిమి. క్రింద పదునలుగురమును సంతకములు చేసితిమి. చిరునామాలో పళ్ళిపట్టు, తిరువళ్ళూరు జిల్లా, తమిళనాడు అని స్పష్టముగా వ్రాసితిమి. రెండును నిజములే, రెండును మావియే.

జాబు టపాలో పడినది. దుప్పట్ల ప్రశ్నకు ప్రత్యుత్తరము రాకపూర్వమే మాలో కొందరు ఇంటి దుప్పట్లను ఎండ వేసినారని వినికిడి. యాత్ర ముగిసిన పిమ్మట, కొండపై చూచినదానిని, విన్నదానిని వచ్చు సంచికలో విన్నవించుకొందుము.