సరిహద్దు మా వెంటే వచ్చింది

ఎరిట్రియాలో పన్నెండో తరగతి ఇంటి దగ్గర చదవరు. ఆ ఏడాది దేశంలోని పిల్లలందర్నీ సావా సైనిక శిబిరానికి తీసుకెళ్తారు. సగం పాఠాలు, సగం కవాతు. నేను పరీక్షలు బాగా రాశాను గనక తుపాకీ తప్పింది, టీచర్నయ్యాను. ఉద్యోగం అనుకునేరు, అదీ నిర్బంధ సేవే. ఎక్కడ వేస్తే అక్కడికి పోవాలి, జీతం గది అద్దెకు చాలదు, మానేస్తానంటే జైలు. చట్టం ప్రకారం సేవ పద్దెనిమిది నెలలే. 1998లో ఇథియోపియాతో యుద్ధం మొదలయ్యాక ఆ నెలలకు అంతు లేకుండా పోయింది. మా స్కూల్లో లెక్కలు చెప్పే ఆయన జుట్టు నెరిసిపోయింది, ఇంకా సేవలోనే ఉన్నాడు. ఆయన్ని రోజూ చూడలేకే బయల్దేరాను.

సరిహద్దులోని మెరెబ్ నదిని రాత్రిపూట దాటాం. కనబడితే కాలుస్తారు. మా గుంపులో పదకొండేళ్ల పిల్లాడొకడు ఒంటరిగా ఉన్నాడు. సావా వయసు రాకముందే వాళ్లమ్మ పంపించేసింది. ఆమెను రాతి గుండె మనిషి అనేవాళ్లు సావాను చూసుండరు. అవతలి ఒడ్డున వాడు నా చొక్కా పట్టుకున్నాడు, తర్వాత వదల్లేదు.

ఇథియోపియాలోని టిగ్రేలో మమ్మల్ని ఉంచిన క్యాంపు పేరు హిత్సాత్స్. మేం కొండ మీద చలిలో పెరిగినవాళ్లం, అక్కడ రేకుల కింద ఉడికిపోయేవాళ్లం. రేషన్ గోధుమలు కొంత అమ్ముకుంటే ఉల్లిపాయలు, కారం వచ్చేవి. ఇద్దరు కలిస్తే మొదటి మాట ‘ప్రాసెస్ ఎంతవరకొచ్చింది?’ అనే. అంటే వేరే దేశంలో స్థిరపడే దరఖాస్తు. వేలిముద్రలు, ఇంటర్వ్యూ, మళ్లీ ఇంటర్వ్యూ, ఏదైనా ఎంబసీ పిలుపు, వైద్య పరీక్ష. ప్రపంచం మొత్తమ్మీద శరణార్థుల్లో ఏటా అలా వెళ్లేది నూటికి ఒక్కరు కూడా ఉండరని మాకు తెలుసు. అయినా అడిగేవాళ్లం.

2018లో రెండు దేశాలూ రాజీపడ్డాయి. మరుసటేడు ఇథియోపియా ప్రధానికి నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది. ఇక మీరు ఇంటికి పోవచ్చుగా అని బయటివాళ్లు అడగసాగారు. ఇంటి దగ్గర సేవ రద్దు కాలేదు, జైళ్ల తలుపులు తెరుచుకోలేదు. మా పాలకులకు ఇక్కడి పాలకులతో స్నేహం కుదిరిందంటే మాకు దాక్కునే చోటు పోయిందని అర్థం. ఈ ముక్క ఎవరికీ చెప్పి ఒప్పించలేకపోయాం.

2020 నవంబరులో టిగ్రేలో యుద్ధం వచ్చింది. ముందు ఫోన్లు, కరెంటు పోయాయి. తర్వాత ఏ సైన్యం నుంచి పారిపోయి వచ్చామో ఆ సైనికులే క్యాంపులోకి వచ్చారు. పేర్ల జాబితా తెచ్చుకున్నారు. కొందర్ని ఎక్కించుకుపోయారు. వాళ్ల మీద కసితో స్థానిక సాయుధులు మమ్మల్ని కాల్చారు, మేమూ ఎరిట్రియన్లమేగా. రేషన్ రాలేదు. ఆకులు ఉడకబెట్టుకున్నాం, వాగునీళ్లు తాగాం. జనవరిలో ఎరిట్రియా సైనికులు క్యాంపును తగలబెట్టారు. హిత్సాత్స్, ఇంకో క్యాంపు షిమెల్బా, రెండింట్లో కలిపి ఇరవై వేలమంది దాకా ఉండేవాళ్లం. కొందర్ని నడిపించి మళ్లీ ఎరిట్రియాలోకి తోసేశారు. నేనూ పిల్లాడూ పగలు పొదల్లో పడుకుని, రాత్రి నడిచి దక్షిణానికి వచ్చాం. దారిలో చూసినవి కొన్ని ఉన్నాయి. వాడి ముందు వాటి గురించి మాట్లాడను, ఇక్కడా రాయను.

అడిస్ అబాబాలో నలుగురం ఒక గది తీసుకున్నాం. పనిచేయడానికి అనుమతి లేదు. గుర్తింపు పత్రం గడువు దాటింది, కొత్తది ఇవ్వరు. రాత్రి పోలీసు అడిగితే చూపించేందుకేమీ ఉండదు గనక పొద్దుగూకాక బయటికి వెళ్లం. నా ఇంటర్వ్యూ కాగితాలు క్యాంపు ఆఫీసుతోపాటే పోయాయి. మొదట్నుంచీ మొదలెట్టమన్నారు. ఊరెందుకు వదిలావని మళ్లీ అడిగారు. అప్పుడు చెప్పిన తేదీకీ ఇప్పుడు చెప్పిన తేదీకీ తేడా వస్తే అబద్ధమాడానంటారని భయపడుతూ జవాబు చెప్పాను.

మా గదిలో ఒకడు ఆగలేక లిబియా దారి పట్టాడు. 2013 అక్టోబరులో ఇటలీ దీవి లాంపెడూసా దగ్గర పడవ మునిగి 360 మందికి పైగా చచ్చిపోయిన సంగతి వాడికి తెలుసు, అందులో మా ఊళ్ల వాళ్లే ఎక్కువ. అయినా పోయాడు. కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది. డబ్బు అడుగుతున్నది ఒకడు, వెనకాల అరుస్తున్నది మావాడు. ఆ అరుపు వినిపించడానికే ఫోన్ చేస్తారు. వాళ్లమ్మ నగలు అమ్మింది, విదేశాల్లో ఉన్న చుట్టాలు తలా కొంత వేశారు. డబ్బు చేరాక ఫోన్ ఆగిపోయింది. వాడు బతికున్నాడో లేదో తెలీదు. సూడాన్‌కు పోదామంటే 2023 ఏప్రిల్ నుంచి అక్కడా యుద్ధమే. 2025 జనవరిలో అమెరికా శరణార్థుల్ని తీసుకోవడం ఆపేసింది. విమానం తేదీ ఖాయమై సామాన్లు అమ్ముకున్నవాళ్లు కూడా ఉండిపోయారు.

ఐరోపా సోకులు చూడాలని వేరే దేశం అడగడం లేదు. మా సైన్యం నడిచి రాలేనంత దూరం కావాలి. కెనడాలో ఉన్న మా అక్క తన చర్చివాళ్లతో కలిసి మా ఇద్దరికీ పూచీ ఉంటానంది. అందుకు మా శరణార్థి గుర్తింపు పత్రం కావాలన్నారు, అదే ఇక్కడ ఇవ్వలేదు. ఈలోపు పిల్లాడికి పద్దెనిమిది దాటాయి. వాడిప్పుడు నా ఫైలులో ఉండటానికి వీల్లేదట, వేరే ఫైలు తెరవాలన్నారు.