ఎనిమిదో గుర్తు

2025 సెప్టెంబరు 8, సోమవారం

పాపకు స్కూల్లో సైకిలిచ్చారు. 'సబుజ్ సాథీ' పథకం కింద 2015 నుంచి పశ్చిమ బెంగాల్‌లో తొమ్మిది మొదలు పన్నెండు దాకా చదివే ప్రభుత్వ, ఎయిడెడ్ బడి పిల్లలకు ఇస్తున్నారు. సాయంత్రం దాన్ని నడిపించుకుంటూ ఇంటికి తెచ్చింది. కొత్త టైర్ల వాసన గదంతా నిండింది. క్యారియర్‌కు చుట్టిన కాగితం విప్పనివ్వడం లేదు.

మా అమ్మ మంచం మీంచే, "గుంటకి సైకిలేటిరా? ఈ లారీల మజ్జిలోనా?" అంది. తాతతో పాటు శ్రీకాకుళం నుంచి జూట్ మిల్లు లైన్లకొచ్చి అరవై ఏళ్లు దాటినా ఆ యాస ఇసుమంత కూడా అరగలేదు.

నేనేమీ అనలేదు. శిబ్‌పూర్ నుంచి హౌరా ఘాట్ దాకా ఇరవై రెండేళ్లుగా తొక్కుతున్నవాణ్ని, ఏమంటాను? కానీ రాత్రి నిద్ర పట్టలేదు. నా సైకిల్ గురించి ఏ రాత్రీ ఇలా కాలేదు.

సెప్టెంబరు 11, గురువారం

ఎప్పటిలా సైకిల్ గ్యారేజీలో పెట్టి, టోకెన్ జేబులో వేసుకుని లాంచీ ఎక్కాను. లాంచీలో సైకిళ్లు ఎక్కించుకునేవాళ్లు ఇవాళ కూడా నలుగురైదుగురున్నారు. ఒక పాలవాడు, ఒక పత్రికలవాడు. అవతలి ఒడ్డున దిగాక వాళ్లకు అసలు కష్టం మొదలు. కలకత్తాలో 2013లో 174 రోడ్ల మీద సైకిలు తొక్కకూడదన్నారు. గోల జరిగాక అది 62కు తగ్గింది. 2020 లాక్‌డౌన్ తర్వాత బస్సుల్లో ఎక్కడానికి జనం భయపడుతున్నప్పుడు కొన్నాళ్లు సడలించారు కూడా. అంటే జబ్బు వస్తే సైకిలు మంచిది, జబ్బు తగ్గితే అడ్డం!

నేనూ ఒకప్పుడు అవతలికి తీసుకెళ్లేవాణ్ని. ఒక మలుపులో ఆపి, దిగి నడిపించుకుపొమ్మన్నారు. ఆఫీసు దాకా సైకిలూ నేనూ పక్కపక్కన నడిచాం. మర్నాటి నుంచి ఇవతలే వదిలేస్తున్నాను. నిషేధానికి చెప్పే కారణం ట్రాఫిక్ వేగం, మా క్షేమం. ప్రమాదం చేసేవాణ్ని ఉంచి, ప్రమాదంలో పడేవాణ్ని రోడ్డు మీంచి తీసేస్తే లెక్క సరిపోతుందని అనుకున్నట్టున్నారు.

గత నెల 22న మెట్రో హౌరా మైదాన్ నుంచి సెక్టార్ ఫైవ్ దాకా కలిసింది. నది కింద 520 మీటర్లు ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. ఆఫీసులో సగం మంది దానికి మారారు. పాలవాడి క్యాన్లు అందులో ఎక్కవు.

సెప్టెంబరు 14, ఆదివారం

తెల్లారి అయిదున్నరకు పాపా నేనూ బడి దారంతా నడిచాం. నోట్‌బుక్కులో దారి గీసి ప్రమాదమున్న చోటల్లా గుర్తు పెట్టాను. ఏడు తేలాయి.

మొదటిది జీటీ రోడ్డు మీద బస్సు ఆగే చోటు. ఇక్కడి బస్సులకు తలుపు ఎడమవైపు. కండక్టరు రేకు మీద చరుస్తూ "ఆస్తే లేడీస్, కోలే బచ్చా!" అని అరుస్తాడు. ఆడమనిషి దిగుతోంది, చంకలో బిడ్డ, మెల్లగా అని. ఆ అరుపు డ్రైవరుకే గాని సైకిలువాడికి కాదు. బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య రెండడుగుల సందు కనిపిస్తుంది, దూరబుద్ధవుతుంది. దూరొద్దు, బస్సు వెనకే ఆగు, అని చెప్పాను.

రెండోది మురుగు జాలీ. దాని కడ్డీలు రోడ్డు వెంబడే పోతాయి. కొత్త టైరు సన్నం, తిన్నగా వెళ్తే లోపలికి దిగిపోతుంది. మూడోది ఆగి ఉన్న కార్లు, అంటే వాటి తలుపులు. నాలుగోది గోదాము దగ్గర ఎడమకు తిరిగే లారీలు. ఒక లారీ ఆగి ఉంటే ఎడమ తలుపు కింద పాపను నిలబెట్టి, క్లీనర్‌ని బతిమాలి, నేను డ్రైవరు సీటెక్కి చూశాను. పాప లేదు. ఆరడుగుల దూరంలో ఉన్న నా కూతురు ఆ సీటులోంచి అసలు లేనే లేదు. దిగేసరికి కాళ్లు వణికాయి.

మిగతా మూడూ టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, తిరగబడే మలుపులు. జీటీ రోడ్డు తప్పించి కారఖానా వెనక సందులోంచి వెళ్లమన్నాను. అక్కడ బస్సు లేదు, లారీ లేదు. తలూపింది.

సెప్టెంబరు 17, బుధవారం

విశ్వకర్మ పూజ. హౌరాలో లేతు మిషను ఉన్న ప్రతి కొట్టూ ఇవాళ గుడే. మూలమీది సైకిల్ కొట్టులో పాప సైకిలుక్కూడా బంతిపూల దండ పడింది. కొట్టు యజమాని దాదా అందరి ముందూ నా సైకిలు వెనక బ్రేకు నొక్కి చూసి, "బ్లాకులు కాదు, ఇనుమే మిగిలింది. కూతురికి నేర్పిస్తున్నది నువ్వేనా?" అన్నాడు. సిగ్గేసి అప్పుడే మార్పించుకున్నాను.

గంటకు పదిహేను కిలోమీటర్లంటే సెకనుకు నాలుగు మీటర్లు. చూసి, బుర్రకెక్కి, చెయ్యి నొక్కేలోపే ఆ నాలుగూ అయిపోతాయి. బ్రేకు ఆ తర్వాత సంగతి. పాప చేత నేల మీద సుద్దముక్కతో గీత గీయించి అక్కడ ఆపించాను. మొదట వెనక బ్రేకు, తోడుగా ముందుది. నాలుగోసారికి గీత మీద ఆపింది.

పైన ఆకాశమంతా గాలిపటాలు. వచ్చేటప్పుడు తెగిన మాంజా ఒకటి దారికడ్డంగా మెడ ఎత్తులో వేలాడుతుంటే దిగి చుట్టేశాను. ఎనిమిదో గుర్తు ఇదేనా అనుకుంటే, ఇది చోటు కాదు, కాలం.

సెప్టెంబరు 20, శనివారం

ఆఫీసు నుంచి వస్తూ జీటీ రోడ్డు మీద పాపను చూశాను. ట్యూషన్ నుంచి వస్తోంది. సందులోంచి కాదు, బస్సుల మధ్యలోంచి. బస్సు వెనక పద్ధతిగా ఆగింది. అయినా నాకు ఒళ్లు మండింది.

ఇంట్లో అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా నోట్‌బుక్కు తీసుకుని, నేను గుర్తేదీ పెట్టని ఆ సందు మీద పెన్సిలుతో సున్నా చుట్టింది.

"అక్కడ లైటు లేదు నాన్నా. ఇద్దరు బైకు మీద పక్కనే వస్తారు. మెల్లగా పోతే మెల్లగా, జోరుగా పోతే జోరుగా."

"ఎన్నిసార్లు?"

"మూడు. బస్సుకి నాతో పనేం లేదు కదా. అందుకే అటు వస్తున్నా."

మగవాణ్ని, తెల్లారి అయిదున్నరకు నడిచి గీసిన పటం నాది. ఆమెది సాయంత్రం ఏడు గంటలకు ఒక్కతే తొక్కి గీసినది. నాది తప్పు కాదు, కానీ నా దారి అది. వాళ్లమ్మకు ఇదంతా ముందే తెలుసట. "చెప్తే సైకిలు మానిపించేస్తావని చెప్పలేదు" అంది. నిజమే, మొదట నోటికొచ్చింది అదే మాట. మింగేశాను.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. ఆ లెక్కలో ఈ సందు ఎక్కడా ఉండదు.

సెప్టెంబరు 23, మంగళవారం

రాత్రంతా వాన. నగరంలో కొన్నిచోట్ల 250 మిల్లీమీటర్లు దాటిందట. మా వీధిలో మోకాలు లోతు. జాలీలు, గుంతలు, గుర్తులు అన్నీ ఒకే నీటి కింద. ఆఫీసు లేదు, బడి లేదు. వార్తల్లో పది మంది దాకా పోయారన్నారు, ఎక్కువమంది నీళ్లలో కరెంటు తగిలి. ఎవరో దీపస్తంభాన్ని పట్టుకున్నారట. నిలదొక్కుకోవడానికి మనం మొదట పట్టుకునేది దాన్నే కదా.

పాపను పిలిచి చెప్పాను, నీళ్లుంటే స్తంభం ముట్టకు, పడినా సరే. ఆమె సైకిలు మెట్ల మీదికి ఎక్కించి గొలుసు వేసింది.

అక్టోబరు 5, ఆదివారం

దుర్గా పూజ అయిపోయింది. షష్ఠి నుంచి దశమి దాకా కారఖానా వెనక సందంతా దీపాల తోరణాలు, పట్టపగలులా ఉంది. ఆ అయిదు రోజులూ పాప సందులోంచే వచ్చింది. నవమి నాడు రాత్రి తొమ్మిదికి స్నేహితురాలిని క్యారియర్ మీద ఎక్కించుకుని మరీ. బైకువాళ్లు రాలేదట. ఆ సందుకు లేనిది రోడ్డు కాదు, వెలుగూ నాలుగు కళ్లూ.

ఇవాళ సాయంత్రం వెళ్తే నిచ్చెన వేసి తోరణాలు విప్పుతున్నారు. ఒకతను తీగ మోచేతికి చుట్టుకుంటున్నాడు.

"ఒక్క బల్బు ఉంచకూడదా దాదా?"

పైనుంచి నవ్వాడు. "ఉంచుతా. కరెంటు ఎవరి మీటరుది?"

జవాబు లేక నిలబడ్డాను. మొన్నటి నీళ్లు గుర్తొచ్చి, ఉంచినా తీగ మనిషికి అందనంత పైన కట్టాలి కదా అనిపించింది. అతను బల్బులన్నీ గోనెసంచిలో వేసుకుని దిగిపోయాడు.

సందు మొదట్లో ఉన్నది సైకిల్ కొట్టు. దాదాకు మీటరుంది. నెలకు ఎంతవుతుందో లెక్కగట్టి రేపు వెళ్లి అడగాలి. పాప కూడా వస్తానంది. బల్బు ఎక్కడ కట్టాలో తనకు తెలుసట.