అమెరికాలో గ్యారేజీ తలుపు, మన చేలో స్టార్టర్ డబ్బా



మావాడి దగ్గరకి అమెరికా వెళ్లి నాలుగు నెలలు ఉండి వచ్చాను కదా, అక్కడి విశేషాలు రాయమని చాలామంది అడిగారు. రోడ్లు, మేడల గురించి అందరూ రాసేశారు. నేను ఒక తలుపు గురించి రాస్తాను. కొంచెం ఓపికపట్టి చివరిదాకా చదవండి, ఇది మన బోరు దగ్గరకే వస్తుంది.

మావాడు డల్లాస్ దగ్గర ఒక పాత ఇల్లు కొన్నాడు. అక్కడ కారు పెట్టుకోవడానికి ఇంటికి ఆనుకుని ఒక గది ఉంటుంది, దాన్ని గ్యారేజీ అంటారు. దాని తలుపు రేకుతో చేసిన అడ్డపలకలు. పట్టాల మీద పైకెక్కి కప్పు కింద పడుకుంటుంది. లాగడానికి కప్పుకి ఒక చిన్న మోటారు, చైను. కార్లో కూర్చుని రిమోట్ నొక్కితే చాలు, తెరుచుకుంటుంది.

ఒకరోజు మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తోంది గానీ తలుపు కదలడం లేదు. "పాతదైపోయింది నాన్నా, కొత్తది పెట్టిద్దాం" అన్నాడు మావాడు. మనకి ఒళ్లు ఊరుకుంటుందా? ముప్పై ఏళ్లుగా మోటార్లు విప్పుతున్న చేతులాయె. ప్లగ్గు పీకి, నిచ్చెనెక్కి మూత తీశాను.

మోటారు మూలుగుతూ తిరగకపోతే కెపాసిటర్ అనుమానించాలి, మన సింగిల్ ఫేజ్ మోటారుకి లాగానే. ఇక్కడ మోటారు తిరుగుతోంది, చైను కదలడం లేదు. అంటే మధ్యలో పళ్లచక్రం పోయినట్టు. అనుకున్నట్టే పెట్టె నిండా తెల్లటి ప్లాస్టిక్ పొడి, చక్రం పళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. ముప్పై డాలర్ల లోపే కొత్త చక్రం దొరికింది. బిగించి గ్రీజు పెట్టాను. తలుపు లేచింది. కోడలు చప్పట్లు కొట్టింది, నేనూ మీసం దువ్వుకున్నాను.

కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. పళ్లు ఎందుకు అరిగాయి? అది చూడకుండా కొత్త చక్రం వేస్తే ఇదీ అరుగుతుంది కదా.

పొద్దున్నే మళ్లీ వెళ్లాను. చైను పట్టాకి ఎర్రతాడు ఒకటి వేలాడుతుంటుంది. అది లాగితే తలుపు మోటారు నుంచి విడిపోతుంది, కరెంటు పోయినప్పుడు చేత్తో ఎత్తుకోవడానికి అది. తలుపు మూసి ఉన్నప్పుడే లాగాలి. లాగి, ఎత్తి చూస్తే నడుం పట్టేసింది. అప్పుడు అర్థమైంది. ఆ తలుపు దాదాపు క్వింటా బరువు. ఆ బరువు మోయాల్సింది మోటారు కాదు, తలుపు పైన ఇరుసుకి బిగించిన స్ప్రింగు. స్ప్రింగు బాగుంటే ఒంటిచేత్తో ఎత్తొచ్చు, నడుం ఎత్తులో వదిలినా అక్కడే నిలుస్తుంది. మాది వదలగానే దబ్బున పడింది. స్ప్రింగు సత్తువ పోయింది.

మోటారు పెట్టె మీద ఇంకో సంగతి కనబడింది. తలుపుని ఎంత బలంతో తోయాలో సరిచేసే మర ఒకటుంది. తలుపు బరువెక్కినప్పుడు ఎవరో స్ప్రింగు చూడకుండా ఆ మరని చివరిదాకా తిప్పేశారు. దిగే తలుపుకి ఏదైనా అడ్డం తగిలితే అది వెనక్కి లేవాలి. గుమ్మంలో రెండంగుళాల చెక్క పడుకోబెట్టి తలుపు దించి చూశాను. లేవలేదు. చెక్కని నొక్కిపట్టి అలాగే కూర్చుంది.

మా మనవరాలికి నాలుగేళ్లు. తలుపు దిగుతుంటే దాని కింద నుంచి దూరి బయటకి పరిగెత్తడం దానికి ఒక ఆట. ఆ చెక్కని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

మావాడు నెట్‌లో చూసి చెప్పాడు. ఇలాంటి తలుపుల కింద పడి అక్కడ పిల్లలు చనిపోయారట. 1990లో చట్టం చేశారు. 1993 జనవరి నుంచి తయారయ్యే ఇళ్ల గ్యారేజీ మోటార్లకి తలుపు తగలకముందే మనిషిని పసిగట్టే ఏర్పాటో, తలుపు అంచుకే తగిలిందని తెలిసే ఏర్పాటో ఉండాలి. ఎక్కువగా పెట్టేవి రెండు కళ్లు. గుమ్మానికి అటూ ఇటూ, నేలకి ఆరంగుళాల లోపు ఎత్తులో ఉంటాయి. వాటి మధ్య కనబడని వెలుగు వెళ్తుంటుంది. దానికి పిల్లో కుక్కో అడ్డమొస్తే దిగే తలుపు ఆగి పైకి వెళ్లిపోతుంది. మా పెట్టె మీద ఉన్న సంవత్సరం 1988. దానికి కళ్లు లేవు.

నేను రిపేరు చేసిన మోటారుని నేనే తీయించేశాను. స్ప్రింగు పని మాత్రం తెలిసినవాడితోనే చేయించాం. బిగుతుగా చుట్టి ఉన్న స్ప్రింగు జారితే చెయ్యి విరుగుతుంది, ప్రాణమూ పోవచ్చు. కొత్త మోటారు పెట్టాక మళ్లీ చెక్క పెట్టి చూశాను. తాకీ తాకగానే లేచింది. వెలుగుకి చీపురు అడ్డం పెట్టాను, ఆగి వెనక్కి పోయింది. అప్పుడు గాని నా మనసు కుదుటపడలేదు.

ఇప్పుడు మన సంగతి. చివరిదాకా తిప్పిన ఆ మరని చూడగానే నాకు మా స్టార్టర్ డబ్బా గుర్తొచ్చింది. మోటారు మాటిమాటికీ ట్రిప్ అవుతోందని రిలే ఆంపియర్లు పైకి తిప్పేసింది నేనే. మీలో ఎంతమంది తిప్పలేదు చెప్పండి? కొందరైతే రిలేని తప్పించి డైరెక్ట్ కూడా చేసేశారు. మా మోటారు రెండుసార్లు కాలి రీవైండింగ్‌కి వెళ్లింది. రెండుసార్లూ వోల్టేజీనే తిట్టుకున్నాను.

ఇంకోటి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. రెండేళ్ల కిందట వానల్లో మా గేదె ఆ ఇనుప డబ్బాకి ఒరుసుకుని అక్కడికక్కడే కూలిపోయింది. ఎర్త్ తీగ తుప్పుపట్టి ఎప్పుడో తెగింది. డబ్బా ముట్టుకుంటే చిరచిరలాడుతోందని ఏడాదిగా మాకు తెలుసు. తెలిసి ఏం చేశాం? బటన్ నొక్కడానికి ఒక ఎండుకర్ర పెట్టుకున్నాం. రోజూ తెల్లారి ఆ కర్రతో నొక్కేది మా ఆవిడ. గేదె పోయాక ఎర్త్ తీగ అయితే వేయించాను గానీ, రిలేని మాత్రం అలాగే వదిలేశాను. మోటారు నడుస్తోంది కదా అని.

అమెరికా నుంచి వచ్చిన వారంలోనే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మోటారు ప్లేటు మీదున్న ఆంపియర్లకి రిలేని సరిచేయించాను. గంటలో ట్రిప్ అయింది. ఈసారి రిలేని తిట్టలేదు, బోరులోంచి పంపు పైకి తీయించాను. ఇసుకకి బుష్షులు అరిగి పంపు బిగుసుకుపోయి ఉంది. రిలే ఇన్నాళ్లూ చెప్తున్నది అదే, వినకుండా దాని నోరు నొక్కింది నేను.

మిషను నడిస్తే రిపేరు అయిపోయిందనుకుంటాం మనం. ఆగాల్సినప్పుడు అది ఆగుతుందో లేదో కూడా చూడాలి. ఈ వారం మీ స్టార్టర్ దగ్గర మూడు చూడండి. రిలే ఎక్కడ తిప్పి ఉంది, ఎర్త్ తీగ గుంటదాకా తెగకుండా ఉందా, ఎండాకాలం ఆ గుంటలో నీళ్లు పోస్తున్నారా. డబ్బా తెరవాలంటే మెయిన్ తీయించి తెలిసినవాడితోనే తెరిపించండి.

డబ్బా పక్కన ఎండుకర్ర ఉంటే మాత్రం వారం దాకా ఆగకండి. రేపు తెల్లారి దాన్ని పట్టుకునేది మీ ఇంట్లో ఎవరో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.