మత్తడి ఏడుంది, అయ్యగారూ?



ఈ వారం ధ్యానానికి ఆదికాండము 26వ అధ్యాయం తెరిచాను. చదువుతుంటే, 2020 అక్టోబరు చివర్లో హైదరాబాదు కంచన్‌బాగ్‌లో ఒక తాతయ్య నన్నడిగిన మాట గుర్తొచ్చింది.

ఆయన మన సంఘపు పెద్ద. మన ఊరి చెరువుకు ముప్పై ఏళ్లు నీరటిగా పనిచేశాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు వదలాలి, కట్ట ఎక్కడ చెమ్మ పడుతోంది, అన్నీ ఆయనకు తెలుసు. ఏ కాగితం మీదా లేవు. చేతికర్ర సాయం లేకుండా నడవలేని వయసొచ్చాక, పట్నంలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లాడు.

ఆ నెల 13న, చిత్త కార్తెలో, వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ మీదికి వచ్చింది. ఒక్క రోజులోనే నగరం చుట్టుపక్కల కొన్ని చోట్ల 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. చెరువులు నిండిపోయాయి. 17న, శనివారం, మళ్లీ గట్టి వాన. ఆ రాత్రి బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు కట్ట తెగి, కంచన్‌బాగ్ పక్కనే ఉన్న హఫీజ్ బాబా నగర్ మునిగింది. తాతయ్య కుటుంబం ఆ రాత్రంతా పొరుగింటి మిద్దె మీద కూర్చుంది. ఆ మిద్దె ఎక్కించినవాళ్లు ముస్లిం సోదరులు.

పది రోజుల తర్వాత బియ్యం, దుప్పట్లు తీసుకొని వెళ్లాం. గోడల మీద నడుమెత్తున బురద గీత. ప్రార్థన చేశాక తాతయ్య తన కష్టం చెప్పుకోలేదు. ఒకటే అడిగాడు: "అయ్యగారూ, ఈ చెర్వుకు మత్తడి ఏడుంది? మత్తడి దుంకిన నీళ్లు ఏ తొవ్వన పోవాలె?"

వీధిలో పదిమందిని అడిగాం. ఎవరూ చెప్పలేకపోయారు. తాతయ్య తల ఊపాడు. "చెర్వు తప్పు గాదయ్యా. పోయే తొవ్వ లేకుంటే అది ఇండ్లల్లకే వస్తది."

ప్రియులారా, కాకతీయుల కాలం నుండి మన నేలమీద చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీరు కింది చెరువుకు చేరాలి. ఆ దారిని గుర్తుపెట్టుకొని, పూడకుండా కాపాడినవాడు నీరటి. చదువు లేని ఆ పనివాణ్ణి మనం ఎప్పుడూ విద్వాంసుడిగా లెక్కించలేదు.

ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. సేవకు వచ్చిన కొత్తలో, ఇదే తాతయ్య రోహిణి, మృగశిర, ఆరుద్ర అని కార్తెలు లెక్కపెడితే, అది అన్యాచారమని సంఘం ముందే మందలించాను. ఆయన మారు మాట్లాడలేదు. ఆ తర్వాత మా ఎదుట ఆ మాట ఎత్తలేదు, మనవలకూ నేర్పలేదు. కార్తె అంటే సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు. రైతుకు అది విత్తనాల లెక్క. ఆకాశంలో జ్యోతులను కాలాలకు గుర్తుగా పెట్టింది దేవుడేనని ఆదికాండము మొదటి అధ్యాయంలోనే ఉంది. నేనది చదివి కూడా చూడలేదు.

ఇప్పుడు ఆ లెక్క కూడా తప్పుతోంది. మృగశిరలో నాలుగు చినుకులు పడితే విత్తనం పెడతాం, ఆపైన ఇరవై రోజులు ఎండ. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదని శాస్త్రజ్ఞులు చెబుతారు. అందుకే వాన పడ్డప్పుడు కుండపోతగా పడుతోంది. కార్తెలు నమ్మలేమని పిల్లలు అంటున్నారు. నిజమే. కానీ కార్తెలతోపాటు మత్తడినీ మరిచిపోతే ఎలా? వాన పెరిగిన కొద్దీ నీటి దారి తెలిసినవాడి అవసరం పెరుగుతుంది గాని తగ్గదు.

ఇస్సాకును చూడండి. తండ్రి కాలంలో తవ్విన బావులను ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చేశారు. ఇస్సాకు వాటిని తిరిగి తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడు. అక్కడితో ఆగలేదు, కొత్త బావులూ తవ్వించాడు. ఏశెకు దగ్గర జగడం, శిత్నా దగ్గర జగడం. చివరికి రహెబోతు. అంటే విశాలమైన చోటు.

మన పెద్దలూ అలాగే చేశారు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. నీటికి చోటిచ్చారు. పాతది తెలియాలి, కొత్తదీ చేయాలి.

తాతయ్య పోయిన ఏడాది ప్రభువునందు నిద్రించాడు. ఆయనను నేను క్షమాపణ అడిగాను గాని, ఆయనకు తెలిసినదంతా అడిగి రాసుకోలేదు. ఆ బావి పూడిపోయింది.

మన సంఘంలో ఇంకా నలుగురైదుగురు పెద్దలున్నారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సండే స్కూలు పిల్లలతో కలిసి చెరువు కట్ట మీదికి వెళ్దాం. మత్తడి నుండి కింది చెరువు దాకా నడుద్దాం. పెద్దలు పేర్లు చెబుతారు, పిల్లలు రాసుకుంటారు. నేనూ ఒక నోటుబుక్కు తెచ్చుకుంటాను.

ప్రభువా, మా చేతులతో పూడ్చిన బావులను మా చేతులతోనే తవ్వే కృప దయచేయుము. ఆమేన్.